ఆదోని దుమ్ములో మచ్చలేని నెగెటివ్

ఇంట్లో బ్లాక్ అండ్ వైట్ రీలు కడుక్కునే వాళ్ళలో ఒక మాట బాగా పాతుకుపోయింది. ఫిల్మన్నాక గీతలు పడతాయి, మచ్చలు పడతాయి, దాని అందమే అది అంటారు. ఈ మాటను మొదటే తోసిపుచ్చాలి. గీత ఫిల్ముకు పుట్టుకతో వచ్చింది కాదు. దాని మీది ప్రతి గీతా, ప్రతి చుక్కా, ప్రతి మరకా ఎవరో ఒకరి చేతిలో, ఫలానా క్షణంలో పడినవే. ఎప్పుడు పడిందో, ఎక్కడ పడిందో ఆ నెగెటివే చెబుతుంది, చదవడం తెలియాలి. కర్నూలు జిల్లా పడమటి కొసన ఉన్న ఆదోని, ఎమ్మిగనూరులను తీసుకుంటే ఈ మాట ఇంకా గట్టిగా చెప్పవచ్చు. ఫిల్ముకు శత్రువులనదగినవి మూడున్నాయి: దుమ్ము, ఉప్పునీళ్ళు, ఎండ. ఈ మూడింటికీ ఇక్కడ కొదవ లేదు. పత్తి సీజన్ వస్తే ఆదోని మార్కెట్ యార్డు దగ్గర, జిన్నింగ్ మిల్లుల చుట్టుపక్కల గాలినిండా దూది నూగే. బోరు నీళ్ళు కాస్తే గిన్నె అడుగున తెల్లగా పొర కడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలు. ఇన్ని ఉన్నా ఇలాంటి ఊళ్ళ స్టూడియోల నుంచి దశాబ్దాల పాటు పెళ్ళి ఫోటోలు, పాస్‌పోర్టు ఫోటోలు, దండ వేసి గోడకు తగిలించుకునే పెద్దల ఫోటోలు శుభ్రంగా బయటికి వచ్చాయి. వాళ్ళకు ఏసీ గదులు లేవు, ఫిల్టరు నీళ్ళు లేవు. చేతిలో పనితనం ఉంది. ఆ పనితనాన్ని అర్థం చేసుకోకుండా గీతను అందమనడం వాళ్ళ పనిని చిన్నచూపు చూడడమే.

అసలీ భ్రమ ఎక్కడ పుట్టిందో చూస్తే సగం సంగతి తేలిపోతుంది. టూరింగ్ టాకీసులకు ఊరూరా తిరిగి తిరిగి వచ్చిన ప్రింట్లలో తెర మీద నిలువునా గీతలు జారేవి. తెర మీద వాన పడుతోందనేవారు జనం. ఆ వాన ప్రొజెక్టరు గేటులో, పళ్ళచక్రాల్లో వందలసార్లు నలిగిన ప్రింటుది. దాని తల్లి నెగెటివుకు ఆ వానతో సంబంధం లేదు. 1957 నాటి మాయాబజార్‌నే తీసుకోండి. తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి దర్శకత్వం, మార్కస్ బార్ట్లే కెమెరా. లాహిరి లాహిరి పాటలో నీళ్ళ మీద పరుచుకున్న ఆ వెన్నెల బార్ట్లే సృష్టించింది. తెలుపుకీ నలుపుకీ మధ్య అన్ని మెట్లున్నాయని, ఒక్కో మెట్టూ ఒక్కో రకం వెలుగని ఆ పాటలో కనిపించినంతగా మరెక్కడా కనిపించదు. అలాంటి వెన్నెలలో ఒక్క గీత పడినా వెన్నెల చచ్చిపోతుంది. నలుపు తెలుపుల సొగసంతా ఆ మెత్తటి బూడిద రంగుల్లోనే ఉంది, గీత వాటి నోరు నొక్కేస్తుంది. 2010లో ఆ సినిమాకు రంగులద్ది విడుదల చేశారు. అది చూసి మురిసిపోయినవాళ్ళు ఉన్నారు, కాదనలేం. కానీ బార్ట్లే వెలుగుతో రాసిన దాని మీద రంగు పూయడం అవసరమని నమ్మడం కష్టం. పాత నెగెటివును, ప్రింట్లను శుభ్రం చేసి, ఉన్న నలుపు తెలుపులనే మళ్ళీ నిండుగా చూపించి ఉంటే రాయలసీమవాసి తీసిన ఆ సినిమాకు అంతకన్నా పెద్ద గౌరవం ఉండేది కాదు.

అంతకు చాలా ముందే రాజా దీనదయాళ్ ఉన్నారు. మీరట్ దగ్గరి సర్ధనాలో 1844లో పుట్టి, ఇంజనీరింగు చదివి, చివరికి సికింద్రాబాదులో స్టూడియో పెట్టి ఆరో నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన మనిషి. ఆయన పనిచేసింది గాజు పలకల మీద. ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఆయన గాజు నెగెటివులు 2,857 ఉన్నాయి. గాజు పలక బరువు, దాన్ని మోసుకు తిరగడంలోని తంటా, దక్కను ఎండ, అప్పటి నీళ్ళు, అన్నీ తలుచుకుంటే ఆ నెగెటివుల్లో కనిపించే శుభ్రతకు చేతులెత్తి దండం పెట్టాలి. ఇక ఆదోని సంగతి. 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉన్న ఊరు, మద్రాసు-బొంబాయి రైలు మార్గం మీద ఉన్న ఊరు. ఫిల్ము, పేపరు, బొమ్మను నిలిపే హైపో రెండు వైపుల నుంచీ రావడానికి దారి ఉండేది. తర్వాత తూర్పు జర్మనీ ఆర్వో రీళ్ళు, ఊటీ ఇందు ఫిల్ము, ఇళ్ళలో ఆగ్ఫా క్లిక్-3 కెమెరాలు వచ్చాయి. చరిత్ర ఇంత చాలు. పని దగ్గరికి వద్దాం.

ఫిల్ములో రెండు పొరలుంటాయని గుర్తుంటే చాలు. ఒకటి బేసు, అంటే పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీ. దాని మీద ఎమల్షన్, అంటే వెండి లవణాలు కలిపిన జెలటిన్. పొడిగా ఉన్నప్పుడు జెలటిన్ గట్టిగానే ఉంటుంది. నీళ్ళు తగలగానే ఉబ్బి మెత్తబడుతుంది, కొన్ని రెట్లు మందమవుతుంది. ఆ స్థితిలో గోరు తగిలినా లేచిపోతుంది. ఇక నెగెటివును దీపానికి ఏటవాలుగా పట్టి చూడాలి. నిగనిగలాడే వైపు బేసు, కాస్త మందకొడిగా ఉండే వైపు ఎమల్షన్. బేసు వైపు గీత ఉంటే వెలుగు అక్కడ చెదురుతుంది, కాబట్టి ప్రింటులో అది తెల్ల గీతగా వస్తుంది. తడి ఎమల్షన్ మీద గీత పడితే బొమ్మతో సహా వెండి లేచిపోయి నెగెటివులో అక్కడ ఖాళీ మిగులుతుంది, ప్రింటులో నల్ల గీత వస్తుంది. కడగక ముందు పొడి ఎమల్షన్‌ను ఏదైనా గట్టిగా ఒత్తితే ఆ ఒత్తిడికే అక్కడ నల్లబారి, ప్రింటులో మళ్ళీ తెల్లగా కనబడవచ్చు. చుక్కల విషయంలోనూ ఇలాగే. ఫోటో తీసేటప్పుడు కెమెరాలో ఫిల్ము మీద ఉన్న ధూళి వెలుగును అడ్డుకుంటుంది, ప్రింటులో నల్ల చుక్క. ప్రింటు వేసేటప్పుడు నెగెటివు మీద ఉన్న ధూళి తెల్ల చుక్క. ప్రతి ఫ్రేములోనూ అదే చోట అదే వెంట్రుక ఆకారం కనబడితే అది కెమెరా గేటులో ఇరుక్కున్నదే, మీ నీళ్ళను, ఫిల్ము కడిగే ట్యాంకును తిట్టి లాభం లేదు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో నేత సహకార సంఘం పెట్టిననాటి నుంచీ ఆ ఊరి మగ్గాల గురించి తెలిసినవాళ్ళకు ఇదేమీ వింత కాదు. బట్ట మీది లోపాన్ని చూసి అది పడుగులోదా పేకలోదా, అచ్చు దగ్గర వచ్చిందా అని నేతగాడు చెప్పినట్టే, నెగెటివు చూసి తప్పు ఏ మెట్టులో జరిగిందో చెప్పవచ్చు.

పొడవునా సాగే సన్నటి గీతనే తీసుకోండి. ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. దీనికి అనుమానితులు ముగ్గురు: కెమెరా వెనకతలుపు లోపల ఫిల్మును అదిమిపట్టే పలక, 35 ఎంఎం డబ్బీ మూతి దగ్గరుండే మఖమల్ పట్టీ, కడిగాక నీళ్ళు తుడిచే చెయ్యి. ఈ ముగ్గురినీ విడదీయడానికి ఒక చక్కటి ఉపాయముంది, ఖర్చేమీ లేదు. 35 ఎంఎం రీలు చివర, డబ్బీ లోపలి ఇరుసుకు అతికించి ఉన్న కొసను గమనించండి. మీరు ఎన్ని ఫోటోలు తీసినా ఆ కొస డబ్బీ దాటి బయటికి రాదు, కెమెరా పలకను తాకదు, మఖమల్ పట్టీలోంచి జారదు. చీకట్లో డబ్బీ మూత ఊడదీసి ఫిల్ము తీసినంతవరకూ ఆ కొసను తాకేది కడిగే చెయ్యి ఒక్కటే. గీత బొమ్మల మీదుగా సాగి ఆ కొసకు రాకముందే ఆగిపోతే తప్పు కెమెరాదో మఖమల్ పట్టీదో. కొస దాకా, కత్తిరించిన అంచు దాకా సాగిపోతే తప్పు తుడిచిన చెయ్యిది. గీత ఎక్కడా వంకర పోకుండా అంచుకు ఒకే దూరంలో ఉంటే అది కదలని ఇసుకరేణువు పని. అటూ ఇటూ ఊగుతూ పోతే అది మనిషి చెయ్యి. ఇక కెమెరాకూ డబ్బీకీ మధ్య తేల్చుకోవాలంటే వేరే డబ్బీలోని ఫిల్ము అదే కెమెరాలో వేసి చూడాలి. గీత అక్కడే మళ్ళీ వస్తే పలకనూ గైడ్ పట్టాలనూ మెత్తని బ్రష్‌తో శుభ్రం చేయాలి. రాకపోతే పాత డబ్బీ పారేయాలి. డబ్బీ మూతి నుంచి ఫిల్మును లాగి ట్యాంకు రీలులోకి ఎక్కించేవాళ్ళు ఈ పరీక్షను తామే చెడగొట్టుకుంటారు. లాగినప్పుడు మొత్తం ఫిల్ము మఖమల్ పట్టీని ఇంకోసారి రాసుకుంటుంది. సోడా సీసా మూతలు తీసే ఓపెనర్‌తో డబ్బీ మూత లేపడం నేర్చుకుంటే ఆ రాపిడి తప్పుతుంది.

ఇప్పుడు తుడవడం గురించి. ఇక్కడ రెండు పక్షాలున్నాయి, ఈ వ్యాసం ఏ పక్షమో దాచడం లేదు. తడి ఫిల్మును రబ్బరు స్క్వీజీతోనో, రెండు వేళ్ళ మధ్య పట్టో పైనుంచి కిందికి లాగి నీళ్ళు దులపాలన్నది ఒక పక్షం. తడి ఫిల్మును ఏదీ తాకకూడదన్నది రెండోది. మొదటి పక్షానికీ వాదన ఉంది. నీటి చుక్కలు ఫిల్ము మీద అలాగే ఆరితే మచ్చలవుతాయి, ముఖ్యంగా ఉప్పునీళ్ళు. అది నిజమే. కానీ మచ్చను తప్పించుకోవడానికి గీతను కొనితెచ్చుకోవడం తెలివైన బేరం కాదు. ఉప్పు మచ్చను మళ్ళీ కడిగి వదిలించుకోవచ్చు, ఉబ్బిన జెలటిన్‌లోకి దిగిన గీత శాశ్వతం. పైగా ఆదోని గాలిలో స్క్వీజీ రబ్బరు అంచున ఒక్క రేణువు చేరితే చాలు, మొదటి ఫ్రేము నుంచి 36వ ఫ్రేము దాకా దున్నేస్తుంది. వేళ్ళకు ఆ ప్రమాదం లేదంటారు. వేళ్ళ మీద గరుకు చర్మముంటుంది, గోరు పక్కన పొక్కుంటుంది, చేతికి అంటిన దుమ్ము ఉంటుంది. పాత స్టూడియోల్లో ఫిల్మును ట్రేలో వేసి రెండు చివరలూ పట్టి, ఊయల ఊపినట్టు ఎత్తుతూ దించుతూ కడిగినవాళ్ళ పనిని గుర్తు చేసుకోవాలి. ఎమల్షన్ పైవైపుకు ఉండేలా, ఫిల్ము వంపు మందులో మునిగేలా, ఆ మెత్తని పొర ట్రే అడుగును ఎన్నడూ తాకకుండా, చీకట్లో నిమిషాల తరబడి రెండు చేతులూ ఒకే లయలో ఆడించడం మామూలు విద్య కాదు. తాకకుండా చేయడమే వాళ్ళు మనకు చూపిన దారి.

తుడవకపోతే మరి ఉప్పునీళ్ళకు ఏం చేయాలి? దీనికి జవాబు ఆదోనిలో ఏ బ్యాటరీ షాపులో అడిగినా దొరుకుతుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్. డెవలపర్ కలపడానికీ, మొదటి కడుగుళ్ళకూ బోరు నీళ్ళు కాచి వడపోసి వాడుకోవచ్చు, కుళాయి నీళ్ళు వాడుకోవచ్చు. చిట్టచివర ఫిల్ము తేలే నీళ్ళు మాత్రం డిస్టిల్డ్ నీళ్ళే కావాలి. అర లీటరు సరిపోతుంది. అందులో ఫోటో-ఫ్లో లాంటి వెట్టింగ్ ఏజెంట్ 200 పాళ్ళకు ఒక పాలు, అంటే అర లీటరుకు రెండున్నర మిల్లీలీటర్లు. ఎక్కువైతే అదే జిడ్డు చారలు పెడుతుంది. షాంపూ, గిన్నెలు తోమే సబ్బు చుక్కలతో సరిపెట్టుకునేవాళ్ళుంటారు. వాటిలోని సువాసనలు, మెరుపు నూనెలు ఫిల్ము మీదే మిగిలిపోతాయి. క్యాన్ నీళ్ళలో ఉప్పు తక్కువేగానీ అసలు లేకుండా పోదు. అర నిమిషం ముంచి, తీసి, రెండు చివరలా క్లిప్పులు పెట్టి ఏటవాలుగా తగిలిస్తే నీరు కింది అంచు వైపు చేరి, అంచు వెంబడే జారిపోతుంది. నిలువుగా వేలాడదీస్తే చుక్కలు బొమ్మల మీదుగా దిగుతాయి. ఈ ప్రాంతపు పొడి గాలిలో ఫిల్ము త్వరగా ఆరుతుంది, చుక్క కిందికి జారేలోపే దాని అంచులు ఎండిపోతాయి. అప్పుడు చుక్క కింది జెలటిన్ ఒకలా, చుట్టూ ఉన్నది ఇంకోలా ముడుచుకుని ఎప్పటికీ పోని వలయం మిగులుతుంది. తెల్లటి సున్నపు పొర మాత్రమే కనబడుతుంటే కంగారు పడనక్కర్లేదు. మళ్ళీ నీళ్ళలో నానబెట్టి, తెల్ల వెనిగర్‌లో సగానికి సగం నీళ్ళు కలిపి ఒకటి రెండు నిమిషాలు ముంచి, బాగా కడిగి, డిస్టిల్డ్ నీళ్ళతో ముగిస్తే ఆ పొర కరిగిపోతుంది. గోటితో గీకడం, చీరకొంగుతో తుడవడం మొదలుపెడితే మచ్చ పోయి గీత మిగులుతుంది.

ఎండ విషయంలో చాలామంది 20 డిగ్రీలు అనే అంకె చుట్టూ తిరిగి దెబ్బతింటారు. డబ్బా మీద 20 అని ఉంది కాబట్టి మంచుగడ్డలు వేసి డెవలపర్‌ను 20కి తెస్తారు. ఆ తర్వాత మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చే వేడినీళ్ళలో ఫిల్మును కడుగుతారు. చల్లని మందులో గట్టిగా ఉన్న జెలటిన్ ఒక్కసారిగా వేడికి ఉబ్బి మెత్తబడుతుంది, చిన్న తగులుకే చీలుతుంది. పాతకాలపు ఫిల్ముల్లోనైతే మొత్తం పొర ముడతలు పడి జాలీలా పగిలేది. ఫిల్ముకు కావలసింది మొదటి నుంచి చివరి దాకా ఒకే వేడి. మే నెలలో 26 డిగ్రీల దగ్గర అన్ని మందులనూ, కడిగే నీళ్ళనూ నిలబెట్టగలిగితే అది 20కీ 38కీ మధ్య ఊగడం కన్నా వెయ్యి రెట్లు మేలు. డిగ్రీ పెరిగేకొద్దీ సమయం సుమారు పదో వంతు తగ్గించుకోవాలి. సమయం మరీ కుదించుకుపోయి అయిదు నిమిషాల లోపుకు వస్తే మందును పలచన చేయాలి. ఉదాహరణకు ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్‌కు ఐడీ-11 డెవలపర్ చిక్కగా వాడితే 20 డిగ్రీల వద్ద ఏడున్నర నిమిషాలు, సమానంగా నీళ్ళు కలిపితే 13 నిమిషాలు. పలచని మందుతో వేసవిలో ఏడు నిమిషాలకు దగ్గరలో పని ముగుస్తుంది. నీళ్ళు చల్లబరచడానికి సీమకు తెలిసిన సాధనం మట్టికుండ. గాలి ఎంత పొడిగా ఉంటే కుండ అంత బాగా చల్లబరుస్తుంది, ఈ విషయంలో మన ఎండే మనకు సాయం. రాత్రి నింపిపెట్టి తెల్లవారుజామున పని మొదలుపెడితే మంచుగడ్డ అవసరమే రాదు. వేడి దేశాల కోసం క్రోమ్ ఆలంతో జెలటిన్‌ను గట్టిపరచే మందులు, ఉబ్బును ఆపడానికి సోడియం సల్ఫేట్ కలిపిన డెవలపర్లు ఒకప్పుడు ఫిల్ము కంపెనీలే సూచించాయి. ఇప్పటి ఫిల్ము ముందే గట్టిపడి వస్తుంది కాబట్టి వాటి అవసరం తగ్గింది. ఆరబెట్టేటప్పుడు కూడా తొందర వద్దు. 1944లో నార్మండీ తీరంలో యుద్ధ ఫోటోగ్రాఫర్ రాబర్ట్ కాపా తీసిన రీళ్ళు లండన్‌లో ఆరబెట్టే బీరువాలో వేడెక్కి కరిగిపోయాయని ఒక కథ ప్రపంచమంతా తిరిగింది. అలా జరగలేదని తర్వాతి పరిశోధకులు గట్టిగా వాదించారు. వాదన ఎలా తేలినా, తడి ఫిల్ము మీదికి హెయిర్ డ్రయర్ తిప్పితే వేడితో పాటు దుమ్మునూ జెలటిన్‌లోకి కొట్టినట్టే.

దుమ్ము తడి జెలటిన్‌కు అంటితే లోపల పాతుకుపోయి ఆరుతుంది. తర్వాత ఊదినా పోదు, తుడిస్తే రేణువు కదిలి గీత గీస్తుంది. అందుకని దుమ్ము పని దుమ్ము లేవకముందే పట్టాలి. స్నానాలగదిలో ఫ్యాను ఆపి, కిటికీ మూసి, గోడలకూ నేలకూ నీళ్ళు చల్లి, పావుగంట ఆగి ఆ తర్వాతే ఫిల్ము వేలాడదీయాలి. వాకిట్లో కళ్ళాపి ఎందుకు చల్లుతారో తెలిసిన ఇంట్లో ఇది వేరే చెప్పనక్కర్లేదు. చీకటి కోసం కంబళి కప్పుకుని రీలు ఎక్కించేవాళ్ళు ఉన్ని నూగును స్వయంగా ఆహ్వానిస్తున్నారు. నున్నటి నైలాన్ ఛేంజింగ్ బ్యాగ్‌ను లోపలి వైపు బయటికి తిప్పి దులిపి వాడుకోవాలి. కొత్త టవలుతో చేతులు తుడుచుకుని వెంటనే ఫిల్ము పట్టకూడదు. చలికాలపు పొడి గాలిలో ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. రీలును కెమెరాలో సర్రున వెనక్కి చుడితే లోపల స్థిరవిద్యుత్తు పుట్టి చిన్న మెరుపు మెరుస్తుంది. నెగెటివు మీద చెట్టుకొమ్మల్లా చీలిన నల్లని గీతలు కనబడతాయి. అవి గోటి గాట్లు కావు, మెరుపు తన బొమ్మను తానే తీసుకుంది. నెమ్మదిగా చుట్టడమొక్కటే దానికి మందు. ఇక చంద్రవంకల్లాంటి మచ్చలు రీలు ఎక్కించేటప్పుడు ఫిల్ము మడత పడినవి, గుండ్రటి లేత చుక్కలు ట్యాంకులో గాలిబుడగలు అంటుకున్నవి. మొదటి దానికి ఆరిన రీలు, ఓపిక. రెండో దానికి డెవలపర్ పోయగానే ట్యాంకును బల్ల మీద రెండు మూడు సార్లు తట్టడం.

ఇంత శ్రమ ఎందుకు, స్కాన్ చేసి కంప్యూటరులో గీతలు చెరిపేస్తే పోలా అనేవాళ్ళకు సమాధానం ఫిల్ములోనే ఉంది. స్కానర్లలో దుమ్మునూ గీతలనూ తానంతట తానే గుర్తించి తీసేసే ఏర్పాటు పరారుణ కిరణాల మీద నడుస్తుంది. రంగు ఫిల్ములోని వర్ణాలు ఆ కిరణాలను అడ్డుకోవు, దుమ్ము అడ్డుకుంటుంది. అలా దుమ్మేదో బొమ్మేదో యంత్రానికి తెలుస్తుంది. మామూలు బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములో బొమ్మంటేనే వెండి. వెండి పరారుణ కిరణాలనూ అడ్డుకుంటుంది, యంత్రానికి బొమ్మంతా దుమ్ముగానే కనబడుతుంది. రంగు మందుల్లో కడిగే ఎక్స్‌పీ2 లాంటి ఒకటి రెండు ఫిల్ములకు తప్ప ఆ ఏర్పాటు ఎందుకూ కొరగాదు. చుక్క చుక్కా చేత్తో చెరిపే పని మిగులుతుంది, ఒక్క ఫ్రేముకు గంటలు పట్టవచ్చు. పాతవాళ్ళకూ దిద్దుబాటు తెలుసు. బేసు మీది సన్నగీతలో ముక్కు పక్కని జిడ్డు వేలితో రాసి పూడ్చి ప్రింటు వేసేవారు. స్ఫోటకం గుంటలున్న ముఖాన్ని నెగెటివు మీద మొనతేలిన పెన్సిలుతో చుక్కచుక్కగా నింపి, ప్రింటులో చర్మం నున్నగా వచ్చేలా చేసేవారు. కంటికింద నీడను ఎంత తగ్గించాలో, ఎక్కడ ఆపకపోతే మనిషి పోలికే మారిపోతుందో తెలిసిన చెయ్యి అది. ఆ విద్యకు జోహార్లు. అయితే ఆ దిద్దుబాటు ముఖం కోసం, అశ్రద్ధను కప్పిపుచ్చడానికి కాదు. పొడవునా దున్నేసిన నెగెటివు తెస్తే ఏ పెన్సిలూ కాపాడలేదు.

అన్నిటికన్నా బాధ కలిగించేది ఫోన్లలోని నకిలీ పాతదనం. రంగు ఫోటో తీసి, ఒక మీట నొక్కితే నలుపు తెలుపు అవుతుంది. ఇంకో మీట నొక్కితే నిలువు గీతలు, దుమ్ము చుక్కలు, పసుపు మరకలు వచ్చి కూర్చుంటాయి. కొన్ని పెళ్ళి ఆల్బమ్‌లలో వధూవరుల ముఖాల మీద కావాలని గీతలు గీసి ముద్రిస్తున్నారు. నిశ్చల చిత్రం ప్రొజెక్టరులో ఎప్పుడూ నలగలేదు, దాని మీద వాన పడే అవకాశమే లేదు. టూరింగ్ టాకీసు ప్రింటు గాయాన్ని తెచ్చి స్టూడియో ఫోటోకు అంటించి, అదే తాతల కాలపు ఫోటో అని నమ్మించడం అబద్ధం. తాతల కాలపు ఫోటో ఇంట్లో ఉంటే దించి చూడండి. పేపరు పసుపెక్కి ఉండవచ్చు, అంచు చెదలు తిని ఉండవచ్చు. అవి గోడ మీద గడిచిన కాలం పెట్టిన గుర్తులు. బొమ్మలో మాత్రం చీర అంచు పోగు పోగూ కనబడుతుంది, తలపాగా మడత మడతా కనబడుతుంది. దాన్ని కడిగినవాడు ఒక్క చుక్క కూడా పడకుండా ఎంత జాగ్రత్తపడ్డాడో, అంత నిర్లక్ష్యంగా ఈ మీట నొక్కుతున్నారు. దీనికి తోడు చవక సరుకు. వాడిపారేసిన డబ్బీల్లో పెద్ద చుట్ట ఫిల్మును ముక్కలుగా నింపి అమ్ముతున్నారు. డబ్బీ ఎన్నోసారి తిరిగిందో, మఖమల్ పట్టీలో ఎంత ఇసుక ఇరుక్కుందో కొన్నవాడికి తెలియదు. కొత్తగా నేర్చుకునే కుర్రవాడు తొలి రీలులోనే గీతలు చూసి, తన చేతినీ ఫిల్మునూ నిందించుకుని వదిలేస్తాడు. సొంతంగా చుట్టుకోవడంలో తప్పులేదు, మంచి డబ్బీ ఎన్నుకుని, మఖమల్‌ను టేపుతో అద్ది శుభ్రం చేసి, కొన్నిసార్లు వాడాక డబ్బీని మార్చేస్తే చాలు.

ఖర్చు మాట వస్తుంది, అది కొట్టిపారేసే మాట కాదు. ఊటీలో 1960లో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ పెట్టి, 1967 నుంచి ఇందు పేరుతో ఫిల్ము తయారుచేసిన దేశం మనది. అది మూతపడ్డాక మన చేతిలోకి వచ్చే ప్రతి రీలూ దిగుమతి సరుకే. కానీ ధర పెరిగినకొద్దీ రీలును పాడుచేసుకునే హక్కు తగ్గుతుందే తప్ప పెరగదు. కొత్త కెమెరా కొనే డబ్బుతో పోలిస్తే డిస్టిల్డ్ నీళ్ళ సీసా, రెండు మట్టికుండలు, ఒక థర్మామీటరు ఎంత? ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో డార్క్ రూమ్ పని తెలిసిన పెద్దలు ఇంకా ఉంటే వాళ్ళను కూర్చోబెట్టి నేర్చుకోవాలి, ఏ పుస్తకమూ చెప్పనిది వాళ్ళ వేళ్ళకు తెలుసు. స్టూడియోలు మూసేసినప్పుడు నెగెటివుల పెట్టెలు పాత సామాన్లవాడికి వెళ్ళకుండా చూడాలి. వెండి కోసం ఫిల్మును తూకానికి అమ్మేసి ఈ దేశం ఎంత పోగొట్టుకుందో తొలినాటి మూకీ సినిమాల గతి చూస్తే తెలుస్తుంది. అటక మీద అలాంటి పెట్టె ఉన్నవాళ్ళు ముందు దాన్ని ఎండలోంచి, వంటగది ఆవిరిలోంచి తప్పించండి. ప్లాస్టిక్ సంచుల్లో కుక్కకండి, ఒకదానికొకటి అంటుకుంటాయి. దుమ్ము కనబడితే గుడ్డతో తుడవద్దు, రబ్బరు బుడ్డితో గాలి ఊదండి, పోనిదాన్ని అలాగే వదిలేయండి. కుళాయి కింద పట్టి కడిగే ఆలోచన అసలే వద్దు. ఒక్కొక్క నెగెటివునూ విడివిడిగా ఆమ్లం లేని కాగితపు కవరులో పెట్టి, కవరు మీద ఊరు, ఏడాది, ఎవరి పెళ్ళో, ఎవరి ఇంటివాళ్ళో తెలిసినంతవరకు పెన్సిలుతో రాయండి. నెగెటివు లోపల పెట్టకముందే రాయండి, లేకపోతే పెన్సిలు ఒత్తిడి ఎమల్షన్ మీద దిగుతుంది.